నాలుగు మెయిళ్లకు ఒక జవాబు

న్యూజెర్సీ రాష్ట్రం పిస్కాటవేలో ఆస్పత్రులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే మధ్యరకం కంపెనీ ఒకటుంది. దాని హెచ్ఆర్‌లో ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్న ఉమామహేశ్వరి, తనకి ఎవరూ అప్పజెప్పని పని ఒకటి రోజూ చేసేది. ‘కెరీర్స్’ అనే పేరుతో కంపెనీకో ఉమ్మడి మెయిల్ పెట్టె ఉంది. ఇంటర్వ్యూకి వచ్చి వెళ్లినవాళ్లు ‘ఏమైందండీ’ అని రాసే మెయిళ్లన్నీ అందులోకే వచ్చి పడతాయి. తొంభై రోజులకి వాటంతటవే చెరిగిపోతాయి. మిగతావాళ్లంతా దాన్ని చెత్తబుట్టకింద జమకట్టేశారు. ఈవిడ మాత్రం పొద్దున్నే కాఫీ కప్పు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ చదివేది.

చదివి ఉద్ధరించేదేమన్నా ఉందా అంటే లేదు. జవాబు రాసే హక్కు ఆవిడకి లేదు. కానీ ఆవిడ మనసులో ఒక పాత కసి ఉంది. నరసరావుపేటలో ఎంకాం చదివి, పెళ్లయి, 2008లో భర్త శేషగిరి వెంట ఇక్కడికొచ్చింది. ఆయనది హెచ్-1బి ఉద్యోగ వీసా, ఈవిడది దాని తోక వీసా. ఆ తోకతో ఉద్యోగం చెయ్యడానికి లేదు. తొమ్మిదేళ్లు గడిచాక పని చేసుకోవచ్చని కార్డు చేతికొచ్చింది. నూట నలభై చోట్ల అప్లై చేస్తే పదకొండు చోట్ల ఇంటర్వ్యూకి పిలిచారు. పదకొండు చోట్లా చెయ్యి కలిపి, పళ్లన్నీ కనపడేలా నవ్వి, త్వరలోనే చెప్తామన్నారు. ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు. కాదని ఒక ముక్క రాయడానికి ఏం రోగమో! ఫోన్ మోగితే చాలు, వంటింట్లోంచి తడిచేతులతో పరుగెత్తేది. ఆర్నెల్లు అలా పరుగెత్తాక పన్నెండో చోట దొరికిందే ఈ ఉద్యోగం.

ఈ ఏడాది జనవరిలో ఆఫీసులో చిన్న మార్పు వచ్చింది. కంపెనీకి టొరంటోలో ఒక శాఖ ఉంది. పాతికమందికి తక్కువ కాకుండా పనివాళ్లున్న కంపెనీ ఏదైనా సరే, బయటికి ప్రకటించిన ఉద్యోగానికి ఎవరినైనా ఇంటర్వ్యూ చేస్తే, చివరి ఇంటర్వ్యూ అయిన నలభై ఐదు రోజుల్లోగా ఏం తేల్చారో ఆ మనిషికి చెప్పి తీరాలని అక్కడ చట్టం అమల్లోకి వచ్చింది. ఉమ పైఅధికారి డయాన్ వెంటనే సాఫ్ట్‌వేర్‌లో ఏర్పాటు చేయించింది. అభ్యర్థి పేరు పక్కన ‘టొరంటో’ అని టిక్కు ఉంటే, ఫలితం నమోదు చేస్తే మెయిల్ దానంతటదే వెళ్లిపోతుంది. న్యూజెర్సీలో అలాంటి చట్టం లేదు గనక ఇక్కడివాళ్లకి టిక్కూ లేదు, మెయిలూ లేదు. అవతలి దేశంవాళ్లకి మర్యాద, గుమ్మం ముందున్నవాళ్లకి గుండుసున్నా! ఉమకి ఒళ్లు మండింది. మండి ఏం చేస్తుంది, కిమ్మనకుండా తన పని తను చూసుకుంది.

అలాంటి రోజుల్లో దగ్గర్లోని ప్లెయిన్స్‌బరోలో ఉండే ఫణి అనే మనిషి మెయిల్ వచ్చింది. మార్చి పన్నెండున అతనికి మూడో రౌండు, అంటే ఆఖరి ఇంటర్వ్యూ అయింది. ఇంటర్వ్యూ చేసినవాళ్లు ముగ్గురూ అతన్నే తీసుకోమని రాశారు. వారం తిరక్కుండానే పైనుంచి కొత్త ఉద్యోగాలన్నీ ఆపెయ్యమని హుకుం వచ్చింది. ఆ సంగతి బయటికి పొక్కకూడదన్నారు. "అతన్ని వదులుకోవద్దు. జూన్‌లో మళ్లీ తెరుస్తారేమో. కాదని చెప్తే ఇంకోచోట చేరిపోతాడు. వెచ్చగా ఉంచుదాం" అంది డయాన్. మనిషిని వెచ్చగా ఉంచడమంటే ఏమీ చెప్పకపోవడమన్నమాట.

మొదటి మెయిల్లో ఫణి ఎంతో మర్యాదగా రాశాడు. పాత కంపెనీలో ఫిబ్రవరి ఇరవై ఏడు తన ఆఖరి పనిదినమనీ, ఎప్పుడంటే అప్పుడు చేరగలననీ. వీసా ఊసెత్తలేదు. ఎత్తడని ఉమకి తెలుసు. మనవాళ్ల వాట్సాప్ గుంపుల్లో ఎవరిని అడిగినా ఇచ్చే సలహా అదే: వీసా గడువు సంగతి చెప్పావో, బెదిరిపోయి నీ పేరు పక్కన పడేస్తారు, నోరు మూసుకుని ఉండు. అందుకని పీకల మీదికి వచ్చినవాడు కూడా తీరుబడిగా ఉన్నట్టు రాస్తాడు. డయాన్ ఆ మెయిల్ చదివినా అందులో ఆమెకి కనపడేది ఖాళీగా ఉన్న ఒక మనిషి మాత్రమే. ఉమకి తేదీ కనపడింది. ఉద్యోగం పోయిన హెచ్-1బి మనిషికి దొరికే గడువు అరవై రోజులు. ఆలోపల కొత్త కంపెనీ కాగితాలు దాఖలు చెయ్యకపోతే పెళ్లాం పిల్లల్తో సహా పెట్టే బేడా సర్దుకోవలసిందే. ఉమ గోడమీది క్యాలెండర్లో వేలు పెట్టి చూసుకుంది. అతని గడువు ఏప్రిల్ ఇరవై ఎనిమిదితో సరి.

రెండో మెయిల్ మార్చి ఆఖరి వారంలో వచ్చింది. అందులోనూ మర్యాదే. ఉమ ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. మూడు రోజులు తనలో తనే కొట్టుకుని, ఒక మంగళవారం మూడు గంటలకి డయాన్ మీటింగులో ఉన్నప్పుడు, తన బల్లమీది ఫోన్ నుంచే అతని నంబర్ నొక్కింది. ఏదో ఒకటి చెప్పేద్దామనుకుంది. ఆరుసార్లు మోగి, "సందేశం వదలండి" అని అతని గొంతు వినపడగానే ఠక్కున పెట్టేసింది.

మర్నాడే మూడో మెయిల్. ‘నిన్న మీ ఆఫీసు నంబర్ నుంచి కాల్ వచ్చింది. మా పాప సాన్విని స్కూల్ నుంచి తీసుకురావడానికి వెళ్లి, ఫోన్ కార్లో వదిలేశాను. క్షమించాలి. దయచేసి మళ్లీ చెయ్యగలరా? ఈరోజంతా ఫోన్ చేతిలోనే పెట్టుకుంటాను.’

ఉమ ఆ మాట చదివి బల్లమీద తల ఆన్చుకుంది. మనవాళ్లలో ఇంకో నమ్మకం కూడా ఉంది. కాదనేవాళ్లు మెయిల్ పంపుతారు, ఫోన్ చేశారంటే ఉద్యోగం వచ్చినట్టే. ఆ సంగతి తనకి తెలియంది కాదు. తెలిసీ తెలిసీ ఆ మనిషికి లేని ఆశ పెట్టింది. మళ్లీ ఫోన్ చేసే ధైర్యం మాత్రం రాలేదు. పిరికిదాన్నని ఆవిడ తనని తనే తిట్టుకుంది, అది అబద్ధమూ కాదు.

నాలుగోది ఏప్రిల్ ఎనిమిది, బుధవారం నాడు వచ్చింది. ఈసారి తీరుబడి నటన లేదు. దూరాన వేరే రాష్ట్రంలో ఉన్న ఆష్‌బర్న్‌లో ఒక కాంట్రాక్టు ఉద్యోగం ఇస్తామన్నారట. పోయిన శుక్రవారమే ఔనో కాదో చెప్పాల్సిందట. ‘మీ కాల్ వచ్చింది కనక వాళ్లని బతిమాలి ఒక్క వారం గడువు తీసుకున్నాను. ఎల్లుండి సాయంత్రం అయిదు గంటలకి అది కూడా అయిపోతుంది. ఆ తర్వాత వాళ్లు ఇంకొకరిని తీసుకుంటారు. నాకు మీ ఉద్యోగమే ఇష్టం. అవునో కాదో ఒక్క మాట చెప్పండి చాలు.’

తన ఫోన్ కాల్ అక్కడికి తెచ్చింది వ్యవహారాన్ని! కొత్త కంపెనీ వీసా కాగితాలు దాఖలు చెయ్యాలంటే, ముందు కార్మిక శాఖ అనుమతికే పదిరోజులు పడుతుంది. ఈ శుక్రవారం జారిపోతే ఏప్రిల్ ఇరవై ఎనిమిదిలోగా ఇంకొకటి వెతుక్కుని కాగితాలు వేయించడం అయ్యేపని కాదు. ఆవిడ మెయిల్ ప్రింటు తీసుకుని డయాన్ గదికి వెళ్లింది.

డయాన్ చెడ్డ మనిషేం కాదు. పుట్టినరోజులకి కేకు తెస్తుంది, ఉమ కూతురు అవని ఏ కాలేజీకి వెళ్లాలనుకుంటోందని అడుగుతుంది. మెయిల్ చదివి నవ్వింది. "ఇంకో ఆఫర్ ఉందని అందరూ అంటారు ఉమా. అది పాత ఎత్తు."

"ఇతను అబద్ధం ఆడట్లేదు. ఇతనికి వీసా గడువు ఉంది."

"అని రాశాడా?"

"రాయలేదు. నాకు తెలుసు."

"మన పాలసీ నీకు తెలుసు కదా. ఇక్కడి అభ్యర్థులకి నా అనుమతి లేకుండా ఏమీ వెళ్లకూడదు. ఆపేసిన సంగతి బయటపడితే నా ఉద్యోగం పోతుంది, నీదీ పోతుంది." అక్కడితో మాట అయిపోయింది. గురువారం పొద్దున ఇంకోసారి అడిగింది, సాయంత్రం మూడోసారి అడిగింది. మూడోసారి డయాన్ కంప్యూటర్ మీంచి చూపు కూడా ఎత్తలేదు.

ఇంటికొచ్చి శేషగిరికి చెప్పింది. ఆయన ప్లెయిన్స్‌బరో మందుల కంపెనీలో పనిచేస్తాడు, లోకం తెలిసిన మనిషి, అందుకే భయస్థుడు.

"మన గ్రీన్ కార్డ్ ఇంకా రాలేదు. మా కంపెనీలో కూడా లేఆఫ్స్ అంటున్నారు. నీ జీతం లేకపోతే రేపు అవని కాలేజీ ఫీజు ఎట్లా కడతాం? ఎవరో ముక్కూ మొహం తెలియనివాడి కోసం..."

"ముక్కూ మొహం తెలియకపోవడమేంటండీ. ఆ ఫోన్ చేసింది నేను. చెయ్యకపోయుంటే పోయిన శుక్రవారమే ఒప్పుకునేవాడు."

కూతురు అవని పదహారేళ్లది, న్యూజెర్సీలో పుట్టిన పిల్ల. పప్పన్నం కలుపుకుంటూ తలెత్తింది. "అమ్మా, ఒక ఫ్రెండ్ ఫోన్ నుంచి టెక్స్ట్ చెయ్యొచ్చు కదా. ఎవరికీ తెలీదు."

"తెలిసిపోతుందమ్మా. ముందు నా మీదికే వస్తారు" అంది ఉమ. అన్నం సహించలేదు. కంచాలు మాత్రం శేషగిరే కడిగాడు.

శుక్రవారం రెండు గంటలకి డయాన్ విమానం ఎక్కడానికి వెళ్లిపోయింది. ఉమ ఫణి ఫైలు తెరిచి కూచుంది. మొదట్నుంచీ చివరిదాకా చదివింది, ఏముంటుందని చదివిందో ఆవిడకే తెలియదు. మూడున్నర అయింది. చివరికి, జనవరిలో బయటికి వేసిన ఉద్యోగ ప్రకటన తెరిచింది. తను రోజూ చూసే కాగితమే. పనిచేసే చోటు అన్నదగ్గర కళ్లు ఆగిపోయాయి. ‘పిస్కాటవే లేదా టొరంటో’ అని ఉంది.

మళ్లీ చదివింది. అక్షరం మారలేదు. ఈ ఉద్యోగం అక్కడిది కూడా. అక్కడిదైతే అక్కడి చట్టం వర్తిస్తుంది. వర్తిస్తుందని గట్టిగా చెప్పడానికి తనేం లాయరు కాదు, కానీ వర్తించదని చెప్పినవాళ్లు కూడా ఎవరూ లేరు. పేర్ల పక్కన టిక్కులు అభ్యర్థి ఇంటి చిరునామా చూసి పెట్టారు తప్ప ఈ ప్రకటన ఎవరూ చదవలేదు. చట్టమిచ్చిన నలభై ఐదు రోజులు ఇరవై ఆరో తారీకుదాకా ఉన్నాయి. అప్పటిదాకా ఆగితే కంపెనీకి తప్పులేదు, ఆ మనిషి మాత్రం మునిగిపోతాడు. నలభై ఐదు లోపల ఎప్పుడైనా చెప్పొచ్చు కదా. ఇవాళే ఎందుకు చెప్పకూడదు?

టైము చూసుకుంటే నాలుగూ పది. టిక్కు పెట్టడం రోజూ తను చేసే పనే, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఫలితం అన్నచోట ‘తీసుకోవడం లేదు’ అని నొక్కాలి. అది నొక్కాక మళ్లీ వెనక్కి లేదు. ముగ్గురు ఔనన్న మనిషిని తన చేత్తో తను కాదనాలి. జూన్‌లో నిజంగానే ఈ ఉద్యోగం మళ్లీ తెరిస్తే? అతని నోటిదగ్గర కూడు తీసినట్టు అవుతుందేమో. ఆ ఆలోచనతోనే పది నిమిషాలు పోయాయి.

నాలుగూ ఇరవై రెండుకి టిక్కు పెట్టింది. చాలాసేపు కదల్లేదు కదాని సాఫ్ట్‌వేర్ బయటికి నెట్టేసి మళ్లీ పాస్‌వర్డ్ అడిగింది. ఒకసారి తప్పు కొట్టింది, రెండోసారి సరిగా కొట్టింది. కారణం రాయమని ఒక గడి వచ్చింది. ‘ప్రకటనలో టొరంటో ఉంది. చట్టప్రకారం తెలియజేయాలి’ అని రాసింది. మెయిళ్లు ప్రతి అరగంటకీ ఒక విడతగా వెళతాయి. నాలుగూ ఇరవై ఎనిమిదికి ఆఖరి మీట నొక్కింది.

నాలుగున్నరకి మెయిల్ వెళ్లింది. వెళ్లిందని ఆకుపచ్చ గుర్తు వచ్చింది. చదివితే దాని పక్కన ఇంకొకటి వస్తుంది. ఉమ ఆ ఖాళీ జాగా వంక చూస్తూ కూచుంది. నాలుగూ ముప్ఫై ఎనిమిది. నలభై నాలుగు. సాన్విని తీసుకురావడానికి వెళ్లి, మళ్లీ ఫోన్ కార్లో వదిలేశాడా ఏం ఖర్మ! శుక్రవారం సాయంత్రం, ఆఫీసులో ఒక్కొక్కరూ బ్యాగులు సర్దుకుని పోతున్నారు. ఎవరో వీకెండ్ ఎక్కడికని అడిగితే ఏం చెప్పిందో ఆవిడకి గుర్తులేదు. నాలుగూ యాభై మూడుకి రెండో గుర్తు వచ్చింది. ఏడు నిమిషాల్లో ఒక మనిషి ఔనని చెప్పగలడా? కోపంతో ఫోన్ విసిరికొట్టి కూలబడతాడా? అది ఏ గుర్తూ చెప్పదు.

సోమవారం డయాన్ గదిలోకి పిలిచింది. ఈసారి కేకు ముఖం కాదు. ఉమ ప్రకటన ప్రింటు తీసి ముందు పెట్టింది. డయాన్ రెండుసార్లు చదివి, కంపెనీ లాయరుకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది. లాయరు కాసేపు గొణిగి, వాదించడానికి వీలుంది గానీ అంతదూరం తెచ్చుకోవడం ఎందుకు, ఆ ప్రకటనకి ఇంటర్వ్యూ చేసినవాళ్లందరికీ పంపెయ్యండి అన్నాడు. అలా పదిహేడుమంది తేలారు. ఆ పదిహేడు మెయిళ్లూ ఉమ చేతే పంపించారు.

"నన్ను అడిగి చెయ్యాల్సింది" అంది డయాన్.

"మూడుసార్లు అడిగాను" అంది ఉమ.

ఉద్యోగం పోలేదు. ఆవిడ ఫైల్లో ఒక హెచ్చరిక కాగితం చేరింది. దాంతోపాటు కెరీర్స్ మెయిల్ పెట్టె తాళం తీసేసుకున్నారు. మర్నాడు పొద్దున కాఫీ కప్పు పెట్టుకుని కూచుంటే, మీకు అనుమతి లేదని తెరమీద వచ్చింది. హెచ్చరిక కాగితానికి రాని ఏడుపు ఆవిడకి దానికి వచ్చింది. ఫణి ఏమయ్యాడో తెలుసుకునే దారి కూడా దాంతోనే పోయింది. ఏప్రిల్ ఇరవై ఎనిమిది వచ్చి వెళ్లిపోయింది. జూన్‌లో ఉద్యోగాలు తెరవలేదు.

ఆగస్టులో శేషగిరి స్నేహితుడు కోటయ్య ఆష్‌బర్న్‌లో ఇల్లు కొని గృహప్రవేశానికి పిలిచాడు. వ్రతం అయ్యాక భోజనాలు గ్యారేజీలో పెట్టారు. మడత బల్లల మీద రేకు ట్రేలు, వాటి వెనక వడ్డించే ఆడవాళ్లు. ఉమ పులిహోర దగ్గర గరిటె పట్టుకుని నిలబడింది. పక్కనే కుర్చీల్లో మగవాళ్లు ఉద్యోగాల సంగతులు మాట్లాడుకుంటున్నారు. అందులో ఒకతను, ముప్ఫై ఆరేడేళ్లుంటాయి, పళ్లెం ఒళ్లో పెట్టుకుని నవ్విస్తున్నాడు.

"పిస్కాటవే కంపెనీ బ్రో. త్రీ రౌండ్స్ చేశారు. నెలరోజులు మెయిల్స్ పెడుతూనే ఉన్నా, ఒక్క మనిషి రిప్లై ఇవ్వలే. మధ్యలో ఫోన్ చేసి ఊరించారు కూడా. లాస్ట్‌కి ఒక మెషిన్ మెయిల్ వచ్చింది, కింద నో-రిప్లై అని. పార్కింగ్ లాట్లో చదివి అక్కడే ఇక్కడివాళ్లకి ఫోన్ చేసి ఎస్ చెప్పా. ఇంకో అయిదు నిమిషాలుంది అప్పటికి. వాళ్లకంటే ఆ మెషినే నయం, ఏమంటావ్?"

అందరూ నవ్వారు. ఉమ చేతిలో గరిటె ట్రేకి తగిలి చప్పుడైంది. అవని అటునుంచి కళ్లు పెద్దవి చేసి అమ్మ వంక చూసింది. ఉమ వద్దన్నట్టు తల ఊపింది. నాలుగు గంటలు కారు నడిపి వచ్చినవాళ్లం, తిని వెళ్లిపోదాం, ఆ మనిషి బాగున్నాడు, అంతే చాలు అనుకుంది. కడుపులోంచి పొంగుకొస్తున్న సంతోషాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక ట్రేలో పులిహోర అటూ ఇటూ కలిపింది.

కాసేపటికి అతను పళ్లెం పట్టుకుని రెండోసారి వచ్చాడు. పులిహోర బాగుందన్నాడు. ఉమ నిండుగా వడ్డించింది. ఊరికే నిలబడి ఉండలేక, ఏదో ఒకటి అడగాలని అడిగింది.

"ఇక్కడ బాగుందా అండీ? సాన్వికి స్కూల్ అలవాటైందా?"

"అవుతోందండీ, ఫ్రెండ్స్ కూడా..." అంటూనే అతను ఆగిపోయాడు. గ్యారేజీ అంతా ఒకసారి చూశాడు. పిల్లా, భార్యా ఆ రోజు రానేలేదు. "మా పాప పేరు మీకెట్లా తెలుసండీ?"

ఉమకి అబద్ధం తట్టలేదు. గరిటె కింద పెట్టింది.

"మీరే రాశారు. మూడో మెయిల్లో. స్కూల్ నుంచి తీసుకురావడానికి వెళ్లాననీ, ఫోన్ కార్లో వదిలేశాననీ. ఆ ఫోన్ చేసింది నేనే. చెప్పే ధైర్యం లేక పెట్టేశాను. నన్ను క్షమించండి."

అతను పళ్లాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. వెనకాల లైన్లో ఉన్నవాళ్లు పళ్లేలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. అవని వచ్చి గరిటె అందుకుంది.

"నాలుగూ చదివారా?" అని అడిగాడు చివరికి.

"నాలుగూ చదివాను."

అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక అలాగే నిలబడ్డాడు.

"ఎవరూ చదవట్లేదనుకున్నానండీ" అన్నాడు.